చేతికిచ్చిన బెల్లం

మా కోరుట్ల చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులేసుకుంటున్న నన్ను పట్టుకున్నాడు. "సార్, మన యూత్ పిల్లలను కాలేజీల దోస్తులు ఏవేవో అడుగుతున్నరట. ముగ్గురు కలిసి ఒక్క దేవుడెట్లయితడని, మీరే పరలోకానికి పోతరా మేం పోమా అని. జవాబు చెప్పరాక మొఖాలు దించుకొని అస్తున్నరు. మీరు బడి పంతులు పని జేసిండ్రు. ఒక్క గంట క్లాసు చెప్పున్రి" అన్నాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. అబద్ధం కాదు, మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి. కానీ కూర్చుని చెప్పే క్లాసుకు మోకాళ్లతో ఏం పని? ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా స్థిమితం లేదు. "ఏమైంది, గట్ల కంచంల ఏళ్లు తిప్పుకుంట కూసున్నరు" అంది మా ఆవిడ. ఏమని చెప్పను? స్నేహితుల ప్రశ్నలకు జవాబు చెప్పడంలో ఒకప్పుడు నాకంటే నోరుగలవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నోరు పడిపోయింది. ఆ ప్రశ్న అడిగినవాడు సిరిసిల్ల రాజేశం. వాడు ఈ ఎండాకాలంలో చనిపోయాడు. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

రాజేశం, యూసుఫ్, నేను జగిత్యాలలో ఒక్క అర్రలో ఉండి చదువుకున్నాం. రాజేశం పద్మశాలీల పిల్లవాడు. యూసుఫ్‌ది మా కోరుట్లే, వాళ్ల అబ్బాకు బజారులో కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. అర్ర యూసుఫ్ వాళ్ల ఖాలాది, అంటే వాళ్లమ్మ చెల్లెలిది. వేరే ఎవరైనా అయితే మా ముగ్గురినీ ఒకచోట పెట్టుకునేవారు కాదు, ముఖ్యంగా నన్ను. ఖాలా మాత్రం "చదువుకునే పిల్లలకు ఏం జాతిరా, ఆకలి జాతి" అని తాళం చెవి చేతిలో పెట్టింది. పొద్దంతా ముందరి వాకిట్లో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు మా పుస్తకాల్లోకీ బట్టల్లోకీ చేరి, సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ నా అంగీ వాసన చూసి అనుమానంగా మొహం చూసేది. రాజేశానికి వాళ్ల నాయినమ్మ వేరే గిన్నె, వేరే కంచం ఇచ్చి పంపింది. ఎవరితో కలిసి తినొద్దని ఒట్టు కూడా వేయించుకుందట. మొదట్లో ఆ గిన్నె గోడ పక్కన వేరుగా ఉండేది. కొన్నాళ్లకు మేం అందులోనే పప్పు వండుకోవడం మొదలుపెట్టాం, అది పెద్దది కాబట్టి.

మా బాపు ఉపదేశి. కథలాపూర్ వైపు పల్లెలు కాలినడకన తిరిగి వాక్యం చెప్పేవాడు. శనివారం సాయంత్రం ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకోవడం ఆయనకు ప్రార్థనంత ముఖ్యం. ఆ చొక్కాకు మడత పడితే ఇల్లంతా వణికేది. అమ్మ లోకం వేరు. పొయ్యి పక్కన ఆమెకొక మట్టి గురిగి ఉండేది. పొద్దునా మాపునా వంటకు బియ్యం కొలిచాక, కళ్లు మూసుకుని ఒక పిడికెడు వెనక్కి తీసి ఆ గురిగిలో వేసేది. మా చర్చి ఆడవాళ్లందరూ అంతే. బియ్యం లేని ఇంట్లో నూకలు, నూకలు కూడా లేకపోతే జొన్నలు. ఆదివారం తలా ఒక గురిగి తెచ్చి చర్చిలో బల్ల ముందున్న పెద్ద గంపలో పోసేవాళ్లు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు, మధ్య మధ్య జొన్నలు, అన్నీ కలిసిపోయేవి. పాస్టరు అయ్యగారు దాని మీద చేయి పెట్టి ప్రార్థన చేసేవారు. వాటిని మేం 'దేవుని బియ్యం' అనేవాళ్లం. అవి అయ్యగారింటికి పోయేవి, దిక్కులేని ముసలివాళ్లకు పోయేవి. నేను చిన్నప్పుడు ఆకలికి ఆగలేక గురిగిలో చేయి పెడితే అమ్మ గరిటె కాడతో కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. "ఆకలైతే నన్ను తిను, దేవునియి ముట్టకు" అంది.

జగిత్యాల అర్రలో దీపం కింద చదువు కంటే వాదనలే ఎక్కువ సాగేవి. యూసుఫ్‌ది ఎప్పుడూ ఒకటే మొదలు: "అల్లాకు కొడుకేందిరా రత్నం? పెండ్లి గాలేదు గద?" రాజేశం అడిగేవి అడ్డదిడ్డంగా ఉండేవి. "మా తాత మగ్గం గుంటల్నే పుట్టి మగ్గం గుంటల్నే సచ్చిండు. యేసంటే ఎవలో గాయినకు తెల్వనే తెల్వది. గాయినె నరకంల ఉన్నడా? ఉంటే ఏం జేసిండని?" నేను ఊరుకునే రకం కాదు. శనివారం వాళ్ల ప్రశ్నలు మూటగట్టుకుని కోరుట్లకు పోయేవాణ్ని. ఆదివారం అయ్యగారి దగ్గర కూర్చుని జవాబులు నింపుకుని సోమవారం జగిత్యాలలో దించేవాణ్ని. త్రిత్వం గురించి ఆయన నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అని చెప్పి పంపారు. నేను ఛాతీ పొంగించుకుని చెబితే యూసుఫ్ కాసేపు ఆలోచించి "మరి గా మూడు ఒక్క గిన్నెల ఒక్కసారే ఉంటయా?" అన్నాడు. మళ్లీ శనివారం దాకా ఆగాల్సి వచ్చింది. "నువ్వు పోస్టుమాన్‌వురా. ఎవలి సమాచారమో మోస్తున్నవ్. నీ మాట ఏదిరా?" అని రాజేశం నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

అయ్యగారు కోస్తా వైపు మనిషి. ఎప్పుడో పెళ్లైన కొత్తలో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా పెళ్లిళ్లు చేశారు, మా శవాలను పాతిపెట్టారు. ఆయన 'వచ్చాడు, వెళ్ళాడు' అని మాట్లాడేవారు, బైబిలూ అట్లాగే మాట్లాడేది. అందువల్ల దేవుడు కూడా అట్లాగే మాట్లాడతాడని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవ మొదలై కాలేజీలు మూతబడి, జగిత్యాల గడియారం టవర్ దగ్గర రోజూ ఊరేగింపులు, లాఠీలు అయినప్పుడు ప్రశ్నల రుచి మారిపోయింది. "అధికారులకు లోబడి ఉండుమని మీ పుస్తకంల ఉన్నదట గద. అంటే నువ్వు పోలీసోళ్ల దిక్కా మా దిక్కా?" అన్నాడు రాజేశం. "మీ దేవునికి మన మాట సమజైతదా, లేకుంటే గుంటూరు మాటనే గావాల్నా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ నవ్వు కింద ముల్లు ఉంది. నేను వాళ్లతోపాటే ఊరేగింపులో నడిచాను, వాళ్లకంటే గట్టిగా 'జై తెలంగాణ' అన్నాను. ఆదివారం వచ్చేసరికి అయ్యగారి ముందు తలవంచుకుని కూర్చున్నాను. రెండు చోట్లా నేను నిజమే. అయినా రెండు చోట్లా దొంగలాగా ఉండేది. ఆ నెలల్లో నాకు నిద్ర సరిగా పట్టేది కాదు.

వీటన్నిటికంటే ఇరుకున పెట్టిన ప్రశ్న ప్రసాదం. రాజేశం సిరిసిల్ల నుంచి జగిత్యాలకు వేములవాడ మీదుగా వచ్చేవాడు. నాయినమ్మ మొక్కు ప్రకారం అక్కడి గుళ్లో రాజన్నకు దండం పెట్టుకుని, బెల్లం ముక్కా కొబ్బరి ముక్కా కాగితంలో కట్టుకుని తెచ్చేవాడు. యూసుఫ్ "తిన్ననంటే మా అబ్బా బొక్కలు ఇరగ్గొడ్తడు" అని చెవులు పట్టుకునేవాడు, రాజేశం నవ్వి వదిలేసేవాడు. నన్ను మాత్రం వదిలేవాడు కాదు. "వాని సంగతి వేరు. మీరు మొన్నటిదాంక మావోళ్లే గద. నువ్వెందుకు తినవ్?" అనేవాడు. విగ్రహాలకు అర్పించినది తినకూడదని వాక్యం ఉందని, అధ్యాయంతో సహా చెప్పాను. "అంటే మా రాజన్న దయ్యమా?" అన్నాడు. నేను ఇంకో వాక్యం చెప్పాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి "పప్పుల ఉప్పు ఎక్కువేసినవ్" అన్నాడు. దాంతో రాజీ అయిపోయింది కానీ, ఆ కాగితం పొట్లం మాత్రం మా మధ్య అట్లాగే ఉండిపోయింది.

ఒకరోజు టవర్ దగ్గర రాజేశం వీపు మీద లాఠీ పడింది. వాడు సిరిసిల్ల వెళ్లిపోయాడు, మేం కోరుట్ల చేరాం. బంద్‌ల మీద బంద్‌లు. బస్సులు లేవు. కొన్ని వారాల తర్వాత ఒక లారీ డ్రైవరు యూసుఫ్ వాళ్ల దుకాణం దగ్గర చాయ్ తాగుతూ చెప్పాడట, సిరిసిల్లకు నూలు రావడం లేదని, మగ్గాలు ఆగిపోయాయని, పడుగు దారానికి పెట్టాల్సిన గంజి మనుషులు తాగుతున్నారని. రాజేశం అమ్మానాన్నలు బతుకుతెరువు కోసం భీవండిలో ఉన్నారు. ఇంట్లో ముసలామె, వీడు, ఇద్దరు చెల్లెళ్లు. యూసుఫ్ ఆ కబురు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ పొయ్యి దగ్గరినుంచే విన్నది. ఆదివారం గంప నిండాక, అయ్యగారు చేయి పెట్టబోతుంటే, ఎప్పుడూ నోరెత్తని మా అమ్మ ఆడవాళ్ల వరుసలోంచి లేచి నిలబడింది. "అయ్యగారూ, గీ వారం బియ్యం సిరిసిల్లకు తోలుదాం. మా రత్నం దోస్తు ఇంట్ల పొయ్యి అంటుకుంటలేదట" అంది. బాపు చొక్కా మడతలు చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజుల్లో అయ్యగారింటి పొయ్యి కూడా ఆ గంప మీదే ఆధారపడి ఉందని మా అందరికీ తెలుసు. ఆయన ప్రార్థన ముగించి, నన్ను పిలిచి "తీసుకెళ్ళు బాబూ. అవి దేవుడివి, నావి కావుగా" అన్నారు. ఆ వారం ఆయనింట్లో ఏం వండుకున్నారో నాకు తెలియదు.

యూసుఫ్ తేలికగా నడిచే సైకిల్ ఒకటి ఏరి తెచ్చాడు. బియ్యం సంచి వెనక కట్టి, తెల్లవారకముందే బయలుదేరాం. ఒకడు తొక్కితే ఒకడు ముందు కడ్డీ మీద కూర్చోవడం, ఎత్తు గడ్డ వస్తే ఇద్దరం దిగి తోయడం. కథలాపూర్ దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి వేశారు. కాపలా ఉన్న పిల్లలు ఆపి "జై తెలంగాణ అనున్రి" అన్నారు. అన్నాం. సంచిలో ఏముందన్నారు. బియ్యమంటే, వాళ్లే సైకిల్ ఎత్తి చెట్టు దాటించారు. ఈ బియ్యం ఒక ఆంధ్రా మనిషి నోటి దగ్గరివని తెలిస్తే ఎత్తేవాళ్లా అని నాకు లోపల ఒకటే గుబులు. రాజేశానికి చెప్పాలా వద్దా అని దారి పొడుగునా తర్జనభర్జన పడ్డాను. చెప్పలేదు. ఒక ఇంటికి ఒకసారి ఒక చిక్కుముడి చాలు.

మధ్యాహ్నం తిరిగాక సిరిసిల్ల చేరాం. ఆ ఊళ్లో మగ్గం చప్పుడు లేకపోవడం నేను అదే మొదటిసారి విన్నాను. అవును, విన్నాననే అంటాను. వీధి వీధంతా ఊపిరి బిగబట్టినట్టుంది. పులిసి ఎండిపోయిన గంజి వాసన. రాజేశం మమ్మల్ని చూసి అరుగు మీదనుంచి దూకబోయి, వీపు నొప్పికి మూలిగాడు. మనిషి సగమైపోయాడు. వాళ్ల నాయినమ్మ నర్సవ్వ బయటికొచ్చింది. బక్కపలచని మనిషి, చూపు మాత్రం దారాన్ని వడికినట్టు సన్నగా, సూటిగా ఉంది. "గీయినెనా కిరస్తానం పిలగాడు?" అని అడిగి, మమ్మల్ని అరుగు మీదే కూర్చోమంది. చెల్లెళ్లిద్దరూ తలుపు చాటునుంచి సంచినే చూస్తున్నారు. నర్సవ్వ సంచి మూతి విప్పి చేయి పెట్టింది. నూలు నాణ్యం చూసే చేయి కదా, గింజలు వేళ్ల మధ్య రాలుస్తూ చూసింది. "గిన్ని తీర్ల బియ్యం ఏంది కొడుకా? గిండ్ల జొన్నలు గుడ ఉన్నయి. ఎక్కడివి?" అంది.

'మా అమ్మ పంపింది' అంటే సరిపోయేది. అది నిజమే. కానీ మా ఇంట్లో ఆ బియ్యానికి ఉన్నది ఒకటే పేరు, ఆ పేరంటే నాకు గర్వం. "దేవుని బియ్యం అవ్వా" అన్నాను, ఛాతీ పొంగించుకుని. "మా చర్చి ఆడోళ్లందరు పిడికెడు పిడికెడు దేవునికి తీసినయి. అయ్యగారు ప్రార్థన జేసి పంపిండు." నర్సవ్వ చేయి సంచిలోంచి బయటికొచ్చింది. పక్కన యూసుఫ్ నా తొడ గిల్లాడు. చాలా ఆలస్యంగా గిల్లాడు.

"మీ దేవుని ముంగట పెట్టినయా?" అందామె. అవునన్నాను. "గంతే గదా కొడుకా ప్రసాదమంటే." లోపలికి పోయి దేవుని గూట్లోంచి ఏదో తీసుకుని వచ్చింది. అరచేతిలో చిన్న బెల్లం ముక్క, చీమలు పట్టకుండా ఆకులో చుట్టినది. "మా రాజేశం చెప్పిండు, నువ్వు మా రాజన్న ప్రసాదం ముట్టవట. మరి మీ దేవుని బియ్యం మేమెట్ల తినాలె? ఇగో, గిది నోట్లె ఏసుకో. నేను గవి పొయ్యి మీద పెడ్త. నీకు న్యాయం, నాకు న్యాయం." కోపంగా అనలేదు. బేరం చేసినట్టు కూడా అనలేదు. పడుగూ పేకా సరిచూసుకున్నట్టు అంది. నా ఎదురుగా చేయి చాపి నిలబడింది.

ఎన్ని ఆదివారాలు నేర్చుకున్న జవాబులు! ఒక్క వాక్యం నోటికి రాలేదు. చిన్న చెల్లెలు తలుపు చెక్కను గోటితో గీకుతోంది. రాజేశం నన్ను చూస్తున్నాడు, తింటానన్న నమ్మకంతో చూస్తున్నాడు, దానికే నాకు భయమేసింది. నోరు తెరిస్తే మా తాత వచ్చాడు. బుగ్గారం వైపు ఒక జాతరలో జరిగిన సంగతి, బాపు ఎప్పుడో నడక దారిలో ఒక్కసారి చెప్పినది. "మా తాతను గుడి కాడికి రానియ్యకపోతుండె అవ్వా" అన్నాను. "గోడ అవుతల దూరంగ నిలవడి రుమాలు చాపితె, లోపలినుంచి ప్రసాదం ఇసిరేటోళ్లట. ఒకపారి రుమాల్ల పడలే, దుబ్బల పడ్డది. తాత దుబ్బ ఊది కండ్లకద్దుకొని తిన్నడట. మా బాపు చిన్నపిలగాడు, పక్కన నిలవడి చూసిండు. కిరస్తానం అయినంక బాపు ఒట్టు పెట్టుకున్నడు. మా ఇంట్ల ఎవలూ ఇగ ప్రసాదానికి బట్ట చాపరు అని. మీ దేవుని మీద కోపంతోని గాదు అవ్వా. నేను తినలేను."  ఏడ్చాను, పదిహేడేళ్ల మగపిల్లవాణ్ని, ఇద్దరు ఆడపిల్లల ముందు. అప్పటిదాకా రాజేశానికి గానీ యూసుఫ్‌కు గానీ ఈ మాట చెప్పలేదు. నాకే తెలియదు, నా జవాబు ఇదని.

 నర్సవ్వ చాపిన చేయి చాపినట్టే ఉంది. తర్వాత ఆ బెల్లం ముక్క చిన్న మనవరాలి నోట్లో పెట్టి, సంచి ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. కడుగు నీళ్ల చప్పుడు వినిపించింది. పొగ వచ్చింది.  కొంతసేపటికి లోపలినుంచి "రాన్రి" అని కేక. యూసుఫ్ లేచాడు. నేను లేవలేదు, అరుగు మీదికే తెస్తారనుకున్నాను, ఎక్కడికి పోయినా నాకు అదే అలవాటు. "రత్నం, నిన్నే. బువ్వ సల్లారుతది" అంది. మగ్గం గుంట పక్కన, నడిమింట్లో, అందరినీ ఒక వరుసలో కూర్చోబెట్టింది. ముందు నాకే పెట్టింది. అన్నంలో జొన్నగింజలు ఉడకక పలుకు పలుకుగా తగులుతున్నాయి. పచ్చిపులుసు. తానూ మా ఎదురుగా కూర్చుని, ఆ బియ్యమే, అదే గిన్నెలోంచి పెట్టుకుని తిన్నది. తింటూ ఒక్క మాట అంది: "ఇసిరేసినోళ్లల్ల మావోళ్లు గుడ ఉండి ఉంటరు తీ." అంతే. అంతకంటే పెద్ద ప్రసంగం నేను ఏ చర్చిలోనూ వినలేదు.

మర్నాడు పొద్దున రాజేశం మమ్మల్ని ఊరి చివరి దాకా సాగనంపాడు. నేను ఉత్సాహంగా ఉన్నాను. గెలిచానని అనుకుంటున్నాను. ఇంతకాలం అరువు జవాబులు చెప్పినవాణ్ని, నా సొంత జవాబు చెప్పాను, వాళ్లింటి నడిమింట్లో తిన్నాను, ఇంకేం కావాలి? రాజేశం సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఆపాడు. "మా నాయినమ్మ పుట్టి బుద్ధెరిగినకాడినుంచి ఉన్న కట్టు, నీ బియ్యం కోసం తెంపింది. నువ్వేం తెంపినవ్‌రా రత్నం?" అన్నాడు. నేను మళ్లీ మా తాత సంగతి ఎత్తబోయాను. వాడు అడ్డం తగిలాడు. "మీ తాతకు ఇసిరేసిరు. తప్పే. గని మా నాయినమ్మ నీకు ఇసిరేసిందా? చేతికిచ్చింది గద." యూసుఫ్ సైకిల్ చక్రంలో గాలి చూస్తున్నట్టు వంగాడు.  రాజేశం నా భుజం తట్టి, వీపు పట్టుకుని, మెల్లగా వెనక్కి నడిచాడు. దారి పొడుగునా నేను వాడికి జవాబులు అల్లుతూనే వచ్చాను. కథలాపూర్ దగ్గర ఒకటి దొరికినట్టే అనిపించింది, కోరుట్ల పొలిమేరకు వచ్చేసరికి అదీ విడిపోయింది.

ఇంట్లో అమ్మ అడిగింది ఒక్కటే: "ఒండుకున్నరా?" ఒండుకున్నరంటే, చేతులు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది. బాపుకు మాత్రం అంతా చెప్పాను, చివరి ప్రశ్న తప్ప. ఆయన కళ్లు మెరిశాయి. "మీ తాత తల ఎత్తినవ్‌రా" అని వీపు మీద చేయి వేశాడు. బాపు నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. అయినా ఆ చేయి బరువుగా అనిపించింది. శనివారం ప్రశ్నలు మూటగట్టి తీసుకుపోయే పోస్టుమాన్ ఉద్యోగం నేను అక్కడితో మానేశాను. ఈ ప్రశ్న అయ్యగారికి చెప్పి జవాబు తెచ్చుకోవచ్చు. చెప్పలేదు. ఆయన దగ్గర దీనికి ఒక వాక్యం తప్పకుండా ఉంటుందనే చెప్పలేదు.

తర్వాత గొడవ చల్లారింది, చదువులు మొదలయ్యాయి, మా ముగ్గురికీ ఎవరి బతుకు వాళ్లకు వచ్చింది. నేను పంతులునయ్యాను. యూసుఫ్ దుబాయ్ పోయి, ముసలివాడై తిరిగొచ్చాడు. రాజేశం మగ్గం వదిలి మరమగ్గాలు పెట్టాడు, ఆ చప్పుడులో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పెళ్లిళ్లకు కలిశాం, చావులకు కలిశాం. మా వయసు మళ్లాక రెండోసారి తెలంగాణ కోసం జనం లేచినప్పుడు, సిరిసిల్ల రోడ్డు మీద వంటావార్పు పెడితే రాజేశం ఫోన్ చేసి పిలిచాడు. ఎండలో, తారు రోడ్డు మీద, ఇద్దరం ఒక్క విస్తరిలో కిచిడీ తిన్నాం. ఆ కిచిడీ వండిన గంజులో ఏ దేవుని పేరూ లేదు కాబట్టి మెతుకు గొంతులో అడ్డం పడలేదు. వాడు ఆ రోజైనా అడుగుతాడని చూశాను. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. తెలంగాణ వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. మా చర్చికి పాలరాయి, పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. ఇప్పుడు ఏ వంటింట్లోనూ గురిగి లేదు, కుక్కర్‌లో పోసే బియ్యంలోంచి పిడికెడు వెనక్కి తీసే ఓపిక ఎవరికీ లేదు. పిల్లలకు ప్రశ్నలు ఫోన్లో వస్తాయి, జవాబులూ ఫోన్లోనే వస్తాయి. మంచి జవాబులే, మా అయ్యగారి నీళ్లూ మంచుగడ్డల కంటే ఎంతో నయం. కానీ ఎదుటివాడి ఇంటి అరుగు మీద, వాడి ఆకలి ముందు కూర్చుని చెప్పాల్సి వస్తే ఏ జవాబు మిగులుతుందో నేను ఆ కుర్ర పాస్టరుకు ఎట్లా క్లాసు చెప్పను?

రాజేశం దినాలకు సిరిసిల్ల పోయాను. యూసుఫ్‌కు లేవలేనంత జబ్బు, రాలేకపోయాడు. ఇంతకుముందు ఎవరి దినాలకు పోయినా, దండం పెట్టి, ఇంటివాళ్లను పలకరించి, విస్తర్లు వేయకముందే బస్సు వంకతో లేచి వచ్చేసేవాణ్ని. అక్కడి అన్నాన్ని ముందుగా చనిపోయినవాళ్ల పేరు మీద పెట్టి, పిట్ట ముట్టాకే మనుషులకు వడ్డిస్తారు. మా వాళ్లం తినం. ఆ రోజు రాజేశం కొడుకులు ఇంటి వెనక ఆకులో అన్నీ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డారు. చాలాసేపు ఏ పిట్టా రాలేదు. "ఏమన్న కోరిక ఉండెనా బాపుకు?" అని వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. నేను గోడకు చేరగిలబడి నిలబడ్డాను. చివరికి ఒక కాకి వచ్చి వాలింది. విస్తర్లు వేశారు. రాజేశం పెద్ద కొడుకు నా దగ్గరికొచ్చి, "సార్, మీరు తినరు గద, బస్‌స్టాండ్ దాంక బండి మీద దించుత" అన్నాడు, ఎంతో మర్యాదగా. నేను పోయి వరుసలో కూర్చున్నాను. వడ్డించారు. తిన్నాను. మా తాతకు గానీ బాపుకు గానీ ద్రోహం చేశానని అనిపించలేదు, పుణ్యం చేశాననీ అనిపించలేదు. నేను అప్పుడు అరుగు మీద తప్పు చేశానని కూడా ఇప్పటికీ అనుకోను. కానీ తింటున్నంతసేపూ రాజేశం మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నేళ్లు పక్కన పెట్టుకుని ఇంకొక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయిందిరా అని.

కోరుట్లలో బస్సు దిగి నేరుగా యూసుఫ్ ఇంటికి పోయాను. వాడు మంచం మీద పడుకుని ఉన్నాడు. "రాజేశం దినంల తిన్న" అని చెప్పాను. యూసుఫ్ నా మొహం వైపు చూశాడు. పై కప్పు వైపు చూశాడు. ఏదో అంటాడని మంచం పట్టె మీద కూర్చుని ఎదురుచూశాను.

"గిప్పుడా?" అన్నాడు.